వడ్ల మీద దిగిన విమానం

పొద్దున్నే పెద్దిరాజుగారి చేతికి టీ గ్లాసు వచ్చిందంటే విమానం మళ్ళీ గాల్లోకి లేచినట్టే.

ఊరవతల పాత రన్‌వే ఒకటుంది. విమానం నేర్చుకునే పిల్లలు దాని మీద దిగుతూ లేస్తూ ఉంటారు. గోడ కూలిన వైపు నుంచి వెళ్ళి రాజుగారి వడ్లు దాని మీదే ఆరబోస్తారు. రోడ్డు మీదైతే బళ్ళు తొక్కకుండా అంచున రాళ్ళు పెడతాం కదా, అక్కడా అలాగే పెట్టించారాయన. పోయిన వారం ఓ ఆడపిల్ల దింపుతున్న చిన్న విమానం చక్రం ఆ రాళ్ళకే తగిలి, బోల్తా కొట్టింది. పిల్ల కాకినాడ ఆసుపత్రిలో ఉంది, ఇంకా మాట రాలేదు. "ఆ వేళ నేను పట్టిసీమ గుడిలో ఉన్నానండి, పాలేరు అప్పాజీ నాకు చెప్పకుండా ఆరబోశాడు" అన్నారు రాజుగారు స్టేషన్‌లో. అప్పాజీని లోపలేశారు. ఈ బడ్డీలో టీ కాచే మాణిక్యాంబ అతని పెళ్ళామే. నోట్లో నాలుక లేని మనిషి. అందుకే ఆవిడ ముందు కోతలు కోయడానికి రాజుగారికి జంకు లేదు.

"ముందు నేను చేసింది చిన్న పనేనండి. విమానం వంకరగా వస్తోందని తువ్వాలు ఊపాను. అంతే."

"కనపడిందంటారా?" అన్నాడు ఆటో చిట్టియ్య.

"కనపడకేం! తువ్వాలు ఎటూపితే అటు తిరిగిందయ్యా, మా గేదైనా అంత మాట వినదు. ఈలోగా చక్రం ఊడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెక్క పట్టుకుని పరిగెత్తాను, పరిగెత్తీ పరిగెత్తీ చెప్పు తెగింది, అయినా వదల్లేదు, భుజం ఆనించి విమానాన్ని ఓ పక్కకి ఎత్తి పట్టాను, వడ్ల బస్తా కంటే రవ్వంత ఎక్కువ బరువుంటుందేమో!"

"నిన్న తువ్వాలు దగ్గరే ఆగింది కదండీ కథ," అన్నాడు కొట్టు కుక్కుటేశ్వరరావు.

"నిన్న టీ పల్చగా ఉంది! వినండి. లోపలికి తల పెట్టానా, ఆ పిల్ల బెల్టులో తలకిందులుగా వేలాడుతోంది. నన్ను చూసి ఏమందో తెలుసా? 'సారీ అంకుల్, వడ్లు పాడైపోయాయా?' అంది. పర్లేదమ్మా అని బెల్టు పళ్ళతో కొరికేశాను. అంతలో పైన రాజమండ్రి వెళ్ళే పెద్ద విమానం. ఆగమని చెయ్యి చూపించా. ఆగిపోయిందండి, గాల్లో, అక్కడే!"

అందరూ పడీపడీ నవ్వారు. టీ వడపోస్తున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"రాజుగారూ," అంది మాణిక్యాంబ. ఆ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది. "ఆ సారీ మాట మీరూ విన్నారాండి?"

"వినకేం!"

"నిన్న స్టేషన్‌లో మా ఆయన అదే మాట నాకొక్కదానికే చెప్పి ఏడ్చారండి. ఆ మాట అన్నాక ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పనే లేదు. పట్టిసీమ గుడిలో ఉన్న మీకు ఎలా వినపడిందండి?"

రాజుగారు గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"అబ్బే... ఏదో సరదాకి కోశానమ్మా. నేనక్కడ లేనే లేను. అంతా అబద్ధం."

"అంతానాండి?"

ఆవిడ మిగతా ఇద్దరి వైపు తిరిగింది.

"మీరూ విన్నారు కదండీ. స్టేషన్‌కి వచ్చి ఒక్క మాట చెప్తారా?"

"కోతలకి కూడా సాక్ష్యమేంటమ్మా," అంటూ లేచాడు కుక్కుటేశ్వరరావు, కొట్టు తెరవాలట. చిట్టియ్య తల వంచుకుని ఆటో తిప్పుకుని పోయాడు.

మాణిక్యాంబ స్టవ్ ఆర్పేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే నేనే వెళ్ళి చెప్తానండి. నాకు కోతలు రావు."