దేవే జాగా

ఆపు, ఆపు బిడ్డా. ఆ ఫోన్‌ల ఏం పాట అది? మళ్ళ మొదటికి పెట్టు. అగో, మన లక్కే గొంతు గదా ఇది! నడుమ ఆ ధబ్ ధబ్ ఏంది? డీజే మిక్సా? వాని మిక్సు మీద మన్ను పొయ్య, అది దేవే జాగా! సౌండ్ సాఫ్ ఉందంటవా? ఉంటది ఉంటది. తోమిన గిన్నె తీరు సాఫే ఉంది, అండ్ల కూడేది? ఇప్పుడు పాడేటోడు ఒక ఊర్ల, కొట్టేటోడు ఇంకో ఊర్ల, ఒకని మొఖం ఒకడు చూడడు, కంప్యూటర్ అతుకు పెడతది. నీకు లక్కే ఎవరో తెల్వదు గదా? కూసో, చెప్త.

దోర్లోళ్ళ పిల్ల, అడవి గూడెంది. మన దోర్నపాల్ సంతకు ఇప్పపువ్వు తెచ్చేది. అప్పుడు ఈ కిరాణం పక్కనే నాకు కేసెట్ల దుకాన్ ఉండె. మీ నాయనమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టేది, 'ఉప్పు పప్పు అమ్ముకోక పాటలు అమ్ముతడంట' అని. సరే, ఏం చెప్తున్న? ఆఁ, వాళ్ళ పాట ఒక్కరు పాడేది కాదు బిడ్డా. రెండు వరసలు నిలబడాలె. ఈ వరస అడుగుతది, ఆ వరస బదులు చెప్తది. లక్కే అడిగేది, దాని దోస్తు దేవే చెప్పేది. అట్లాంటి జోడి మళ్ళ చూడలె నేను. దేవేకు శబరి ఏరు అవతల సంబంధం కుదిరింది. నన్నిడిచి పోతదా అని లక్కేకు కోపం, పెండ్లికే పోలె. మొండిది! దేవే ఏం తక్కువ తిన్నదా? 'నీ పాటకు జన్మల బదులు చెప్ప' అని ఒట్టు పెట్టుకొని ఏరు దాటింది. మూడేండ్లు ఇటు తొక్కలె. ఎంతమంది బదులు చెప్పినా లక్కేకు మనసున పట్టకపోయేది. నేనే అన్న, జగదల్‌పూర్ పోయి నీ పాట కేసెట్టు చేద్దామే అని. 'కేసెట్టు ఏరు దాటుతదా సేఠ్?' అన్నది. దాటుతది అన్న. గంతే, బస్సెక్కింది.

ఆడ ఒక అర్ర, గోడలకు పరుపులు కొట్టిండ్రు. రికార్డింగ్ చేసే బాబు దీన్ని మైకు ముందు నిలబెట్టి 'గావో', పాడు అన్నడు. ఇది ఒక్క మాట అడిగి నోరు మూసుకున్నది. 'ఏరు దాటిన దానా, మా ఇప్పచెట్టు యాదికున్నదా?' అని అడుగుడు, చుప్. 'ఆగే గావో!', ముందుకు పాడు అంటడు బాబు. ఇది నా దిక్కు చూసి, 'సేఠ్, అవతలోళ్ళు చెప్పకముందే ఎట్ల పాడాలె? నాకేమన్న పిచ్చా?' అంటది! నవ్వలేక సచ్చిన. ఆ బాబుకు కోపం, 'ఖాళీల కీబోర్డు నింపుత' అన్నడు. లక్కే చెప్పులు తొడుక్కున్నది. 'నింపితే దేవే ఎక్కడ పాడతది? పద సేఠ్, ఇంటికి పోదాం.' ఇద్దరి నడుమ నేను గడ్డం పట్టుకొని బతిమిలాడుడు. ఆఖరికి ఖాళీ అట్లనే వదిలిండు గని, 'కేసెట్టు మీద నా పేరు మాత్రం రాయకు భయ్యా' అని దండం పెట్టిండు.

అమ్మిన. జంగల్ గార్డు ఒకాయన వాపస్ తెచ్చిండు, 'సేఠ్, కేసెట్ ఖరాబ్ హై, నడుమ నడుమ ఆగిపోతుంది' అని. ఖరాబ్ కాదు సాబ్, మీరు పాడాలె అన్న. నన్ను ఎగాదిగ చూసి పోయిండు. సంతనాడు దుకాన్‌ల గట్టిగ పెట్టిన. లక్కే అడిగింది, ఆగింది. అవతల చింతపండు అమ్మే ఆడోళ్ళు బుట్టలు ఇడిచి బదులందుకున్నరే, అయ్య బాబో! ఆ రాగం సాగదీస్తరా, వాళ్ళది అయిపోకముందే కేసెట్టు ముందుకు ఉరుకుతది. 'నీ డబ్బాకు తొందరెక్కువ' అని నన్ను తిట్టుడు. అప్పటిసంది పాజ్ మీద వేలు పెట్టి నిలబడుడే నా పని. మీ నాయనమ్మకు పండగే, పాటగాడు వచ్చిండు అని ఎక్కిరిచ్చుడు.

ఆ కేసెట్టు ఏరు దాటింది. అవతల పెండ్లిళ్ళల్ల పెట్టుకున్నరంట, ఖాళీ వస్తే ఎవరికి తోచింది వాళ్ళు పాడుడు. దేవేకు ఒళ్ళు మండింది. నా బదులు వీళ్ళెవరు చెప్పనీకె, అదీ తప్పుతప్పుగ! ఓ సంతనాడు సంకల పిల్లను పెట్టుకొని దిగింది, మొఖం జేవురించి ఉంది. ఇక్కడ ఆడోళ్ళు బదులందుకున్నరో లేదో, 'చుప్! అది అట్ల కాదు!' అని అరిచింది. నేను గబుక్కున పాజ్ నొక్కిన. అప్పుడు దేవే పాడింది బిడ్డా, 'చెట్టూ యాదికుంది, దాని కింద నన్ను తిట్టిన నువ్వూ యాదికున్నవు' అని. లక్కే అప్పటికే నా దుకాన్ అరుగు మీద కూసోని ఉండె. లేచి, కేసెట్టుల లేని మాట అడిగింది, 'మరి ఇన్నాళ్ళు రాలేదేమే?' అని, రాగంలనే. కండ్లు తుడుచుకుంటనే అడిగింది. దేవే చెప్పింది. ఇది మళ్ళ అడిగింది. ఒకల చెయ్యి ఒకలు పట్టుకున్నరు, ఎనక ఆడోళ్ళు వరస కట్టిండ్రు, నా అంగట్ల ఉప్పు కొనేటోడు లేడు. నేను పాజ్ ఇడవనే లేదు. ఇడిస్తే పెట్టెల లక్కే అడ్డం వస్తది గదా. పొద్దు గూకిందాక అట్లనే నిలబడ్డ.

వేలు తిమ్మిరెక్కింది పో...

ఆఁ? ఏం లేదు. ఆ పంకా వెయ్యి బిడ్డా, ఉక్క పోస్తున్నది.