ఒకే బావికి రెండు గిలకలు

అమెరికాలో ఒహాయో అనే నదికి దక్షిణపు గట్టున ఓ పాడుబావి ఉంది, పట్టపగలు కూడా దాని పక్కకి ఎవరూ పోరు. నువ్వెప్పుడు చూశావు తాతా అంటావేమే నీలమ్మా, కథ వినడానికొచ్చావా, సాక్ష్యం అడగడానికా? ఇటు జరుగు, నీ వెనక చీకటిగా ఉంది.

అప్పట్లో అక్కడ మనుషుల్ని గొడ్లలాగా సంతలో అమ్మేవాళ్లు. అది పాపమని కొందరు, మా హక్కని కొందరు చర్చిలోనే జుట్లు పట్టుకున్నారు, ఆపైన కలిసి పాటలు కూడా పాడేది లేదంటూ చర్చి నడుమ గోడ కట్టుకున్నారు, ఆ గోడ పెరట్లోకి పాకి బావి మీదుగా కూడా పోయింది. ఇటొక గిలక, అటొక గిలక. కింద నీళ్లకి మాత్రం గోడ కట్టలేకపోయారు పాపం!

ఇటువైపు, హక్కన్నవాళ్లలో, కాల్విన్ దొర, ఆయన బానిస హెస్టర్. ఆమె మొగుడు జోనాని దొరే పూడిక తీయమని ఆ బావిలోకి దించాడు, తాడు తెగింది, రేపు చూద్దాంలే అన్నాడట. రేపటికి చూడ్డానికేముంది? అప్పుడు హెస్టర్ కడుపులో ఉన్న పిల్లే రూత్. దానికి కాస్త ఊహ తెలిసేసరికి, తెల్లారితే పిల్లని సంతకి తోలుతున్నానన్నాడు దొర.

అవతలివైపు, పాపమన్నవాళ్లలో, అబిగేల్ ముసలమ్మ, పిల్లని అందిస్తే పడవలో నది దాటిస్తానంది, ఉత్తరపు గట్టున మనుషుల్ని అమ్మరు మరి. ఇంకేం, పొద్దుగూకే వేళ హెస్టర్ రూత్‌ని బొక్కెనలో కూర్చోబెట్టి దించింది, కిందికెళ్లాక అవతలి బొక్కెనలోకి మారమంది. తాడు తేలికైపోయింది. పిల్ల మారిందా, మునిగిందా? అడగడానికి నోరు తెరిచిందో లేదో, వెనక దొర! ఎవరితో మాటలే అన్నాడు. అంతలో గోడవతల గిలక కిర్రుమంది, బావి లోపల్నించి ఎవరో దగ్గారు, మగ దగ్గు. దొర మొహం తెల్లబోయింది, చెప్పులొదిలేసి పరుగో పరుగు!

తర్వాత యుద్ధమొచ్చింది, ఒకే ఇంటి అన్నదమ్ములు చెరోవైపు చేరి కాల్చుకున్నారు, చివరికి అమ్మకాలు ఆగిపోయాయి, గోడా కూలింది. హెస్టర్ తన కాళ్లతో తాను నడిచి అబిగేల్ ఇంటికెళ్లి, నా బిడ్డని పైకి లాగావు తల్లీ అని చేతులు పట్టుకుంది. ముసలమ్మ తెల్లబోయింది. నేనెక్కడ లాగానమ్మా, ఆ రోజు జ్వరమొచ్చి మంచం దిగలేదు, నీ పిల్లే తడిబట్టలతో వచ్చి నా గడప మీద కూర్చుంది, జ్వరం తగ్గాక నది మాత్రం దాటించాను అంది.

ఎదిగిన రూత్‌ని అడిగితే, ఒకాయన లాగాడమ్మా, ఒళ్లంతా బురద, నడుముకి తెగిన తాడు ముక్క ఉంది అంది. ఆ తాడు సంగతి హెస్టర్ బిడ్డకి ఎన్నడూ చెప్పలేదు.

అందుకే అటు పోకండి. పోయినా బొక్కెన వేయకండి, అవతలి గిలక ఇంకా తిరుగుతోందట. నీలమ్మా, సాక్ష్యం కావాలన్నావుగా, నువ్వు మాత్రం వెళ్లి చూసి రా. మేమిక్కడే కూర్చుంటాం.