రాయకుండా వదిలేసినది

(శనివారం మధ్యాహ్నం, జ్యువస్క్యులా అనే ఊళ్లో ఒక వంటిల్లు. భోజనాల బల్ల దగ్గర తానెలి, భార్య హిల్కా, పదహారేళ్ల కూతురు సెన్యా.)

"ఆ కంప్యూటర్ బల్ల మీంచి తియ్యమని ఎన్నిసార్లు చెప్పాలి, తానెలి?"

"తీస్తా హిల్కా, తీస్తా. సాయంత్రంతో గడువు అయిపోతుంది. ఈలోపు సరిచెయ్యకపోతే నేను రాసిన ప్రోగ్రామ్ లైబ్రరీని ఆ సాఫ్ట్‌వేర్‌వాళ్లు తమ కొత్త విడుదలలోంచి తీసేస్తారు. రెండేళ్ల పని. దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ దాంతోపాటే పోతాయి."

"ఔలు ఊళ్లో బడివాళ్లు కూడా ఇవ్వాళే జవాబు అడిగారు. లేదంటే నాకిస్తామన్న హెడ్‌మిస్ట్రెస్ పని ఇంకెవరికైనా ఇచ్చేస్తారు."

"తిన్నాక మాట్లాడుకుందాం. ఉప్పెక్కడ?"

"నీ చేతి పక్కనే. నిన్న కూడా తిన్నాక అనే అన్నావు."

"నాన్నా, లైబ్రరీ పేరు మార్చమన్నారుగా, మార్చావా?"

"మార్చాను సెన్యా. నేను ముద్దుగా కుయిక్కా అని నీటిపిట్ట పేరు పెట్టుకున్నా. ఉత్త పేరు కుదరదట. ముందు పైథాన్ అని ఉండాలి, ఆ తర్వాతే లైబ్రరీ పేరు. ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాసిందో చూడగానే తెలియాలిగా, న్యాయమే. ఇప్పుడు ఇంకో తప్పు పట్టుకున్నారు."

"ఏంటి?"

"వాళ్ల దగ్గర నడవట్లేదట. ఇక్కడేమో చక్కగా నడుస్తోంది."

"అదెలా?"

"దానికి తోడుగా ఏమేం ప్రోగ్రాములు కావాలో మనమే రాసివ్వాలి. ఒకటి రాయలేదు. నా కంప్యూటర్లో ఎప్పట్నుంచో ఉంది కదా, ఉందన్న సంగతే గుర్తు రాలేదు."

"అది లేకపోతే నడవనే నడవదా?"

"మొదలే కాదు."

"అంత ముఖ్యమైనదాన్ని ఎలా మర్చిపోయావు నాన్నా?"

"ఎప్పుడూ మొరాయించలేదే. హిల్కా, మా అమ్మ మందులు అయిపోవచ్చాయేమో..."

"నిన్ననే ఇచ్చొచ్చాను. ఔలు సంగతి చెప్పు."

"అబ్బ. ఏం చెప్పను? దూరం. వారానికోసారి వచ్చిపోతే అదేం కాపురం? ఇంటి గురించి కాదు నేననేది. ఇల్లంటావా, దానంతటదే నడుస్తుంది."

"దానంతటదే."

"నడవట్లేదా మరి?"

"అమ్మా, సౌనా..."

"ఆవిరిస్నానం గదిలో పొయ్యి వెలిగించాను. నీ తువ్వాలు తలుపు వెనకాల ఉంది. తానెలి, రాయకుండా వదిలేసింది ఏదో వాళ్లెలా కనిపెట్టారు?"

"ఖాళీ యంత్రం తీసుకుంటారు. నేను రాసిచ్చినవి మాత్రమే అందులో పెట్టి నడిపిస్తారు. రాయనిది ఉంటే అక్కడ ఆగిపోతుంది."

"నీ కంప్యూటర్లో చూసుకుంటే తెలీదా?"

"ఎన్నేళ్లు చూసుకున్నా తెలీదు. ఇక్కడ అన్నీ ఉన్నాయిగా. మా ప్రోగ్రామర్లలో ఈ తప్పు చెయ్యనివాడు లేడులే."

"ఆగితేగానీ తెలీదన్నమాట."

"అంతే. ఫోన్లో ఎవరికి రాస్తున్నావు?"

"సూప్ చల్లారుతోంది, తాగు. సెన్యా, నువ్వూ వినమ్మా. వస్తున్నానని ఔలుకి ఇప్పుడే రాశాను. వచ్చే నెల వెళ్తున్నాను. ఇంట్లో ఏమేం చూసుకోవాలో నన్నడక్కండి. ఏది ఆగిపోతే అది రాసుకోండి."