గ్రేసీ స్కేట్లకు నేను పట్టిన సాన

"తాతయ్యా, సాన పట్టాక నా స్కేటు బ్లేడు మీద ఆ దిర్హమ్ బిళ్ళ ఎందుకు పెడతారు?"

ఎందుకంటావా సింధూ... ఇలా కూర్చో. రెండు అంచులూ సమంగా ఉంటే బిళ్ళ వాలదు. ఈ సంగతి మా గ్రేసీని ఏడిపించాక గానీ నాకు తెలియలేదు. గ్రేసీ అంటే మా అబ్బాయి కూతురు, పోయిన సీజన్లో మీ పిల్లల ఐసు హాకీ జట్టులోనే ఆడింది. లీగంతా ఒక్క ఆట కూడా వదల్లేదు నేను. మాల్ లోపల ఐసు మైదానం పక్కన ఆ చలికి దుప్పటి కప్పుకుని కూర్చునేవాణ్ణి. రాత్రి బడిలో నేర్చుకున్న అంకెలు స్కోరు బోర్డు దగ్గర పనికొచ్చాయి, చూశావా.

ఆఖరి ఆట శుక్రవారం. గెలిస్తే కప్పు. పొద్దున్నే "బ్లేడు మొద్దుబారింది తాతయ్యా" అంది గ్రేసీ. సాన పట్టే షాపువాడు శుక్రవారం నమాజు అయ్యేదాకా తెరవడు. ఆట అంతకంటే ముందే. "అలాగే ఆడుతుందిలే నాన్నా, మీరు ముట్టుకోకండి" అన్నాడు మావాడు. నేను వింటానా? నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాణ్ణి. మా అమలాపురంలో ఆ రోజుల్లో మంచి ఉలి మూడు రూపాయలు... కాదు, నాలుగు... సరే, అది వదిలెయ్. బ్లేడు తిప్పి చూస్తే అడుగున పొడుగునా సన్నటి గాడి. అరిగిపోయిందనుకున్నాను! సానరాయి మీద గంటసేపు రుద్ది చదును చేసేశాను. అద్దంలా మెరిసింది.

ఐసు మీదికి వెళ్ళిందా, మలుపు తిరగబోయి పడింది. లేచి మళ్ళీ పడింది. దాని పక్కనుంచే వెళ్ళి అవతలి జట్టువాళ్ళు గోలు కొట్టారు. అయినా దుప్పట్లోనే కూర్చున్నాను. నా పదునులో తప్పేముంటుందిలే అని. మూడోసారి పడ్డాక కోచ్ బయటికి పిలిచి కూర్చోబెట్టాడు. అది తలెత్తకుండా "సారీ, సారీ" అంటోంది.

ఇక ఆగలేదమ్మా. దుప్పటి పడేసి కోచ్ దగ్గరికి దిగాను. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. బ్లేడు చూపించి, గుండె మీద కొట్టుకుని, "మై మిస్టేక్. బేబీ నో మిస్టేక్" అన్నాను. ఆయన బ్లేడు మీద వేలు రాసి నా మొహం చూశాడు. ఆ చూపు... పోనీలే.

అవతలి జట్టులో ఒక పాప తండ్రి దగ్గర చిన్న సాన మిషన్ ఉంది. లెబనాన్ ఆయన. మేము ఓడితే కప్పు వాళ్ళదే కదా! అయినా "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ గాడి మళ్ళీ తీసి (ఆ గాడి ఉంటేనే అటూ ఇటూ అంచులు ఐసును పట్టుకుంటాయట), ఈ బిళ్ళే పెట్టి చూపించి, నా చేతిలోనే ఉంచేశాడు. గ్రేసీ ఆఖరి పది నిమిషాలే ఆడింది. ఒక గోలు కొట్టింది. ఒక్క గోలు తేడాతో పోయింది కప్పు.

మా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేట వచ్చేదాకా గ్రేసీ కార్లో స్కేట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటి ముందు దిగాక అంది కదా, "నాకు ఆడటం రాదేమో అనుకున్నాను తాతయ్యా" అని. కప్పు సంగతి కాదమ్మా, అదీ నాకు గుచ్చుకున్నది. మర్నాడే మావాడి చేత ఈ మిషన్ కొనిపించాను.

ఇదిగో, బిళ్ళ వాలలేదు. పట్టుకో. చల్లగా ఉండు తల్లీ. పడ్డప్పుడల్లా తప్పు నీదేననుకోకు. ముందు వచ్చి నన్ను అడుగు.