హోరేస్ వెనకగదిలోంచి లేచిన విమానం

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివర ఉన్న బాబూ, కుర్చీ ఇటు లాక్కో. గొంతు చించుకునే పని హోరేస్‌ది, నాది కాదు. దేవుడు ఆయనకి నోరిచ్చాడు, మనకి చెవులిచ్చాడు. రెండూ దేవుడి దయే.

ఇంగ్లండులో మా లింకన్‌షైర్ జిల్లాలో, విమానాల మైదానం పక్కన రేకుల టీ షెడ్డు. ఆదివారం, చర్చిలో ప్రార్థన అయి అందరం అక్కడికే చేరాం. బయట సన్నగా వాన. షెడ్డు పక్క కొట్టంలో మా క్లబ్బువాళ్ళు ఆరేళ్ళు కష్టపడి కట్టిన విమానం ఉంది. వందేళ్ళ కిందటి యుద్ధవిమానానికి నకలు: కర్ర, తీగలు, నారగుడ్డ, పైన ఒకటి కింద ఒకటి రెక్కలు. ఆ వేళ తేలాల్సింది ఒక్కటే. మొదటిసారి దాన్ని ఈ పొట్టి మైదానంలోంచే ఎగరేయాలా, లేక రెక్కలు ఊడదీసి లారీకెక్కించి, నలభై మైళ్ళ అవతలున్న పొడుగాటి రన్‌వేకి మోసుకెళ్ళాలా?

ఎగరేయాల్సింది ఇసొబెల్ గార్నమ్. పొలాలకి మందు చల్లే విమానాలు పదిహేనేళ్ళు నడిపిన మనిషి. కిటికీ దగ్గర కూర్చుని, మైదానం చివరి ముళ్ళపొదల కంచె వంకే చూస్తోంది. కంచె ఆమెకి నిన్నటికంటే ఎత్తుగా కనిపిస్తోంది.

"లారీయా!" అని లేచాడు హోరేస్ టిడ్స్‌వెల్. ముప్పై ఏళ్ళు బస్సు తోలి రిటైరయ్యాడు. "మా తాత పందొమ్మిది వందల పదిహేడులో ఇదే గడ్డిమీద ఇలాంటి విమానాలకే తీగలు బిగించాడు. వాటి నకలు సంతకెళ్ళే గొర్రెలా లారీమీద పోవాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు! అయినా భయమెందుకు, నేను ఎగరేసేశాగా."

"ఎప్పుడయ్యా?" అంది టీ పోస్తున్న డల్సీ.

"గురువారం. మా వెనకగదిలో. కంప్యూటర్లో ఉత్తుత్తి విమానం అనుకుంటారు మీరు. రెక్కల పొడుగు, ఇంజను బలం, నారగుడ్డ గాలిని పట్టి లాగే లెక్క, అన్నీ మన విమానానివే పెట్టాను. ఇదే మైదానం, ఇదే కంచె. వదిలాను. కంచెమీద నా బస్సంత ఎత్తున దాటింది!"

"మంచిదే," అన్నాడు వడ్రంగి సెడ్రిక్. రెక్కలు చెక్కింది ఆయనే. మళ్ళీ ఊడదీయడమంటే ఆయనకి మనసొప్పదు.

ఆ ఒక్క మాట చాలు హోరేస్‌కి. "మంచిదేనా? రెండోసారి రెండంతస్తుల బస్సంత ఎత్తు! మూడోసారి కంచె నాకు కనబడితే ఒట్టు, మబ్బులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లింకన్ పట్నం పెద్ద చర్చి శిఖరాల మీద ఇంజను ఆగిపోయింది. ఇంకొకడైతే దేవుణ్ణి తలుచుకునేవాడు."

"నువ్వు తలుచుకోలేదూ?"

"ఆయనే నన్ను తలుచుకున్నాడు! పదిహేడు మైళ్ళు ఇంజను లేకుండా జారుకుంటూ వచ్చి దించాను, చక్రం కింద డెయిసీ పువ్వు కూడా నలగలేదు. గది నిండా ఆముదం వాసన!"

ఆ కాలపు ఇంజన్లకి పోసేది ఆముదమేనండీ, మనం పిల్లలకి పట్టేదే. పైలట్లు దాని పొగ మింగీ మింగీ, దిగగానే పొదల చాటుకి పరిగెత్తేవాళ్ళట.

"మరి నువ్వు పరిగెత్తావా?" అన్నాడు సెడ్రిక్.

"రెండుసార్లు! నవ్వండి, నవ్వండి. సాయంత్రం నిటారుగా కిందికి దూకించాను. గోడకాగితం ఊడొచ్చింది. కుర్చీ నేలమీంచి నాలుగంగుళాలు లేచింది, మా ఆవిడ తువ్వాళ్ళు మడతపెడుతూ తన కళ్ళతో చూసింది. మళ్ళీ పైకి లేపాను. పదిహేను వేల అడుగులు, మీసం మీద మంచు. పక్కన ఎవడు ఎగురుతున్నాడో చెప్పుకోండి! ఆ కాలం నాటి శత్రువు, ఎర్ర మఫ్లరు! తుపాకీ ఎత్తుతాడనుకుంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టి, రెక్క మీదుగా వంగి పిప్పరమెంటు బిళ్ళ అందించాడు. ఇదిగో బిళ్ళ చుట్టిన కాగితం!" జేబులోంచి తీసి బల్లమీద కొట్టాడు. "ఇంకా లారీ అంటారా? ఇక్కణ్ణించే అనేవాళ్ళు చేతులెత్తండి!"

సెడ్రిక్ చెయ్యి లేచింది. ఆ వెనకే మరో నాలుగు. కోతలకి నవ్వుకుంటూనే ఎత్తారు, అదీ విడ్డూరం. ఇసొబెల్ కిటికీ వదిలి ఇటు తిరిగింది. వీళ్ళు నవ్వుతూ ఎత్తిన చేతులకి రేపు కంచె మీదికి పోవాల్సింది తను.

"హోరేస్, ఒక్క అంకె చెప్పు," అంది నెమ్మదిగా. "బరువెంత పెట్టావు?"

"మూడొందల అరవై కిలోలు. సెడ్రిక్ తూచి కొట్టం తలుపు మీద సుద్దతో రాశాడుగా. పెట్రోలూ ఆముదమూ వేరే కలిపాను, నేనేం పిచ్చివాణ్ణా?"

"అది ఖాళీ విమానం బరువు. సీట్లో మనిషి బరువు?"

హోరేస్ వేళ్ళమీద కూడడం మొదలెట్టి, మధ్యలో ఆపేశాడు. ఆయన దేన్నైనా మధ్యలో ఆపడం మేమెవరమూ చూడలేదు.

"ఎవర్నీ కూర్చోబెట్టలేదు నువ్వు," అంది ఇసొబెల్. "గురువారమంతా మనిషి లేకుండానే ఎగిరింది."

డల్సీ టీ కూజా దించి, తాపీగా అడిగింది: "మరి ఆ పిప్పరమెంటు ఎవరు పుచ్చుకున్నట్టు?"

రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. హోరేస్ మొహం కందగడ్డ అయింది. "నవ్వండి! మనిషి బరువు ఓ బరువా? నీ బరువెంతమ్మాయ్?"

"డెబ్బై మూడు. బూట్లూ తోలుకోటూ కలిపితే ఎనభై."

"ఎనభై పెడతాను! అయినా దాటుతుంది! చూసుకోండి!" టోపీ నెత్తిన తగిలించుకుని వానలోకి పోయాడు. ఆయన ఇల్లు రోడ్డుకి అవతలే.

ఇక రాడనుకున్నాం. గంట గడిచింది. డల్సీ రెండోసారి నీళ్ళు మరిగించింది. చేతులెత్తినవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మానేశారు.

తలుపు తోసుకుని వచ్చాడు హోరేస్, నిలువెల్లా తడిసి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇసొబెల్‌ని కూర్చోబెట్టాను," అన్నాడు. "గడ్డి తడిగా ఉన్నట్టు కూడా పెట్టాను. ఇరవై సార్లు ఎగిరాను. పధ్నాలుగు సార్లు కంచెలో పడ్డాను."

ఎవరూ నవ్వలేదు.

"మిగతా ఆరు?" అంది ఇసొబెల్.

"చక్రాలు పొదల్ని రాసుకుంటూ పోయాయి. నిన్ను అందులో కూర్చోబెట్టలేను తల్లీ. మా తాత కూడా ఒప్పుకోడు. లారీ పిలిపించండి."

సెడ్రిక్ లేచి, రెంచి వెతుక్కుంటూ కొట్టంలోకి నడిచాడు. ఇసొబెల్ తన కుర్చీ హోరేస్ వైపు జరిపి, వేడి టీ ఆయన చేతిలో పెట్టింది.

ఒక గుక్క తాగాడో లేదో, మీసం తుడుచుకున్నాడు. "అయినా ఒక మాట. పధ్నాలుగు సార్లు పడ్డానా? ఒక్కసారైనా టోపీ ఊడిందేమో అడగండి! పడటంలో నా అంత సొగసుగా పడేవాడు ఇంగ్లండులో..."

"తాగవయ్యా, చల్లారిపోతుంది," అంది డల్సీ.

నాయనలారా, ఆ పిప్పరమెంటు సంగతి మరిచిపోయినా పర్లేదు. అందరూ నవ్విన గంటకే, అదే షెడ్డులో, టోపీ చేతబట్టుకుని "పధ్నాలుగు సార్లు పడ్డాను" అని చెప్పాడే, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళి మీవాళ్ళకి చెప్పండి. అంకె మాత్రం పెంచకండి.