తేలికైన మంచుబండి

ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు మీద, సామాన్ల మంచుబండ్లు లాక్కుంటూ స్కీలతో సాగి, అక్కడో కొండ ఎక్కాలని అక్కాతమ్ముళ్ల ప్రయాణం. దారిలో ఎవరి సాయమూ ఉండదు. ఎయిర్‌పోర్టుకి వ్యాను కింద సిద్ధంగా ఉంది.

“ఒరేయ్, నీ బండి ఇంత తేలిగ్గా ఉందేంట్రా? నిన్న కదల్లేదు కదా!”

“బరువు తగ్గించానక్కా. లాగాల్సింది మనమేగా.”

“ఏం తీశావ్?”

“స్టవ్. నీ బండిలో ఒకటుందిగా?”

“నీ దాంట్లో ఉందని నాదీ తీసేశాను!”

“మరి మంచు కరిగించి నీళ్లెలా తాగుతాం?”

“నన్నడుగుతావేం? దాహంతో చచ్చేవాళ్లంరా!”

“పోన్లే, ఇప్పుడే తెలిసింది. ఒకటి పెట్టేద్దాం.”

“ఆగాగు. ఇంకేం తీశావ్?”

“ముందు నువ్వు చెప్పు.”

“కొండెక్కే తాడు. నీ దగ్గరుందిగా?”

“తాడా?”

“ఉందా, లేదా?”

“అక్కా, వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు.”

“కొట్టనీ. ముందు రెండు బండ్లూ బోర్లించు.”