గుట్ట ఎక్కని బండి

అలాక్కాదురా సింహాద్రీ! హేండిల్‌కి తాడు కట్టి లాగీసావంటే నీ మెటాడోర్ కేశ్‌కాల్ ఘాటీ దాటేసరికి హేండిల్ వొంకరైపోతాది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఇది స్కూటర్ కాదు, పాల కేనూ కాదు. నాలుగు మూలల నుంచీ కట్టాలి. ముందు బండిని కిందకి నొక్కి, స్ప్రింగులు అణిగాక, అప్పుడు ముడి వెయ్యాలి. లేపోతే గోతిలో పడ్డప్పుడల్లా బండి ఎగురుతాది, తాడు వదులైపోతాది.

ఏటి నవ్వుతున్నావు? పాతికేళ్లు స్టీలు ప్లాంటు గ్యారేజీలో డంపర్లు విప్పి బిగించినోణ్ని. బండి కట్టడం నాకు నువ్వు నేర్పుతావా?

ఆ కొబ్బరితాడు ఒగ్గీ. నైలాన్ది తీసుకురా. పెట్రోలు దించీసాను, ఇంక చూడక్కర్లేదు. గేరులో ఉందా? న్యూట్రల్లో ఒగ్గితే విజయనగరం దాకా ముందుకీ వెనక్కీ ఊగుతానే ఉంటాది. ఫస్టులో పెట్టు. అదీ.

ఎవడో భీమిలి కుర్రోడు కొన్నాడట. సముద్రం ఒడ్డున ఇసకలో తోలుకుంటాడట. తోలుకోనీ. నాకేటి?

మీ అక్కని చూడు, కిటికీలోంచి. ఈ బండి ఎప్పుడు వాకిట్లోంచి కదుల్తాదా అని చూస్తన్నాది. నూకమ్మకి ఇవాళ పండగ. దగ్గర దగ్గర మూడేళ్లు ఈ మరోదా ప్లాంటు క్వార్టర్లో ఆవిడకి కంట్లో నలుసు ఇదే కదా.

గుంటా? నీ మేనకోడలు నీలిమ ఇంట్లో లేదు. సుపేలా బజార్లో ఏదో కంప్యూటర్ క్లాసట, పొద్దున్నే వెళ్లిపోయినాది. స్కూటర్ మీదా? లేదురా. ఆటోలో, ముగ్గురి మధ్యన ఇరుక్కుని. పద్నాలుగో యేట నా స్కూటర్ తాళం దొంగిలించి వీధులన్నీ తిరిగిన పిల్ల, ఇప్పుడు స్కూటర్ ముట్టుకోదు. ఎనిమిది నెలలైపోయినాది.

ఎందుకేటి? నీకు తెల్దు. నువ్వప్పుడు నాగపూర్ లైన్లో లారీ తోల్తన్నావు, నెలకోసారి ఫోనులో "అందరూ బాగేనా" అనీసి పెట్టీసీవోడివి. ఇప్పుడు సొంత మెటాడోర్ కొనుక్కుని వచ్చి, మేనకోడలు స్కూటర్ ఎందుకు ముట్టుకోదూ అని నన్నడుగుతావు. సరే విను. కడుతూ విను.

ఎవడో జపాన్ ఇంజినీరు, మిషన్లు బిగించడానికి వచ్చినోడు, దీన్ని ఓడలో వేయించి తెచ్చుకున్నాడు. ఎనభై ఆరు మోడలు. చక్రాలు నాలుగున్నా మోటార్‌సైకిల్‌లా పైకెక్కి కూచుని తోలాలి. పొలం పనికి వాడీది కాదు ఇది, పందేలకి చేసింది. టూ స్ట్రోకు, ఆరు గేర్లు. ఆదివారం వచ్చిందంటే చెరువు వెనక మైదానంలో దుమ్ము లేపీవోడు. వెళ్లిపోతూ మా గ్యారేజీ ఆఫీసరు సత్యప్రసాద్ సారుకి ఒగ్గీసిపోయాడు. సారు ఏటి చేస్తారు పాపం, ఆయన కారే ఆయన కడగరు. ఏడేళ్లు షెడ్డులో పడున్నాది. సీటులో ఎలకలు పిల్లల్ని పెట్టీసాయి. సైలెన్సర్లో కందిరీగలు. ఒకరోజు పిలిచి, "అప్పలసూరీ, తీసుకుపోవయ్యా, నీ చేతిలో పడితే బతకొచ్చు" అన్నారు.

నేను పిల్ల కోసం తేలేదురా. సరదాకి తెచ్చాను. పాతికేళ్లు డంపర్లే కదా, ఒక్క బండైనా నాకోసం విప్పుదామని తెచ్చాను.

నీలిమ కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాలు గట్టు మీద పడీసి, బండి పక్కన గొంతుక్కూచున్నాది. కార్బొరేటర్ మూత తీసి వేలు పెట్టి చూసుకున్నాది. వేలంతా పచ్చటి జిగురు. వాసన చూసి, నా మొహంలోకి చూసి, "పాపా, యే చలేగా" అన్నాది. దానికి తెలుగు కన్నా హిందీయే ముందొస్తాది కదా. నడుస్తాదట! నాకే నమ్మకం లేదు.

నడిపించడం ఏటి ఆషామాషీయా? దేనికీ సామాను దొరకదే! పిస్టన్ రింగులు లేవు. జావా మోటార్‌సైకిల్‌వి ఓవర్ సైజు తెప్పించి ఆకురాయి పెట్టుకుని గీశాను, పదిహేను రోజులు. టైర్లు లేవు. స్కూటర్ రిమ్ములు కోసి దీని హబ్బుకి వెల్డింగు పెట్టాను. మొదటిసారి వంకర. రెండోసారి వంకర. మూడోసారి గుంట కొలిచి గీత గీసిచ్చినాది, అప్పుడు తిన్నగా వచ్చినాది. పుస్తకం ఉన్నాది గాని జపాను భాషలో ఉన్నాది. నేను బొమ్మలు చూసి విప్పడం, అది బొమ్మలు చూసి బిగించడం.

నా పాత డ్యూటీ చొక్కా తొడుక్కుని, మోచేతుల దాకా నల్లగా. మీ అక్క కేకలు! "ఆడపిల్ల చేతులేనా అవి? రేపు పెళ్లివారొస్తే ఏటి చూపిస్తావు?" గుంట నవ్వీది. "గ్రీజు చూపిస్తానమ్మా, ఇష్టమైనోడే ఉంటాడు" అనీది.

మలుపు తిప్పితే ఒక పక్క చక్రాలు లేచిపోయీవి. వెనక ఇరుసు ఇరుకు మరి. సుపేలాలో చినబాబు లేత్ మీద ఇనప దిమ్మలు తిప్పించి, చక్రాలు చెరో పక్కా రెండంగుళాలు బయటికి జరిపాను. కాలు జారితే వెనక చక్రం లాగీసుకుంటాది, అందుకని పైపులు వంచి మధ్యన వల అల్లాను. దేంతోనో తెలుసా? మంచం నవారుతో. మీ అక్క నెల్లాళ్లు నేల మీద పడుకున్నాది, నాతో మాట్లాడకుండా. కింద రాయి తగలకుండా రేకు. మణికట్టుకి ఒక తాడు, మనిషి పడిపోతే అది ఊడి ఇంజిన్ టక్కుమని ఆగిపోవాలి.

చూడు, ఇవన్నీ దేనికి? పరుగుకి కాదురా. దాని పేనం కోసం. నేను బిగించిన ప్రతి బోల్టూ దాని పేనం కోసమే.

అది మాత్రం పరుగే చూసుకున్నాది. మైదానంలో తోల్తుంటే, సింహాద్రీ... నువ్వు చూడలేదు. సీటు మీంచి లేచి, మోకాళ్లు వంచి, మలుపులోకి ఒళ్లంతా వాల్చీసీది. ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు, నాకు రాదు. ఒకసారి నేనూ కూచున్నాను. రెండో గేరుకే చాలనిపించినాది. దిగిపోయాను.

ఆ ముడి కాదు, అది జారుతాది. ఇటియ్యి. ఆఁ, ఇలా తిప్పి ఇందులోంచి లాగాలి.

సరే, రాజ్‌హరా గనుల వేపు ఎర్రగుట్ట మీద పందెం పెట్టారు. ఏదో రాయపూర్ క్లబ్బోళ్లు. ఒక్కొక్కరే గుట్ట ఎక్కాలి, గడియారం పెట్టి చూస్తారు. జీపైనా సరే, మోటార్‌సైకిలైనా సరే. గుంట పేరిచ్చీసినాది, నన్ను అడక్కుండా. పైగా ఒక బళ్ల కంపెనీవాళ్లు అక్కడికొస్తారట. బాగా తోలినోళ్లని ఇద్దర్ని పట్టుకెళ్లి, పూనాలో ఏడాదిపాటు నేర్పించి, వాళ్ల టీములో పెట్టుకుంటారట. "పాపా, ఆ ఇద్దర్లో నేనొకదాన్ని" అన్నాది. అలా అనీసినాది, ఉప్పు డబ్బా అందించినట్టు.

క్లబ్బోళ్ల రూలొకటి. దీనికి ఆక్సిలేటర్ బొటనవేలితో నొక్కాలి కదా, వేలు తియ్యగానే మూసుకుపోవాలని గట్టి స్ప్రింగు వెయ్యమన్నారు. వేశాను. నొక్కడం బరువైపోయినాది. గుంట రోజూ వేలికి నూనె రాసుకుని సాధన చేసినాది.

ట్రాక్టరు ట్రాలీలో కట్టి తీసుకెళ్లాం. ఇదిగో, ఇలాగే నాలుగు మూలలా కట్టాను. మూడు గంటలు ఆ ట్రాలీలో బండి హేండిల్ పట్టుకుని నిలబడే వచ్చినాది పిల్ల. చుట్టూ జనం, జీపుల్లో వచ్చిన పెద్దింటి కుర్రోళ్లు. మన బండిని చూసి "యే క్యా హై, ఖటియా?" అని నవ్వారు. నవారు చూసి. మంచమట!

ముందురోజు ట్రయలు. ఖటియా అన్నోళ్లకి యాభై సెకన్లూ, యాభై అయిదూ పట్టినాది. మన గుంట నలభై ఒక్క సెకన్లలో పైనున్నాది. నలభై ఒకటి! కంపెనీ మనిషి నా దగ్గరకొచ్చి, "మీ అమ్మాయేనా?" అనడిగాడు. పేరు రాసుకున్నాడు. రేపు కూడా ఇలాగే తోలితే ఇంక చూడక్కర్లేదన్నాడు. నూకమ్మ ఉంటే బాగుణ్నని అనిపించినాది. నిజంరా.

దాని తరవాత ఇంకో కుర్రోడు ఎక్కాడు, మోటార్‌సైకిల్ మీద. పైన నిట్టనిలువుగా ఉన్నకాడ ముందు చక్రం లేచిపోయినాది. బండి వెనక్కి తిరగబడి వాడి మీద పడ్డాది. వాడూ బండీ కలిసి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరకొచ్చి ఆగారు. వాడి తొడలోంచి ఎముక బయటికొచ్చీసి ఉన్నాది. తెల్లగా. వాళ్ల నాన్న, నా వయసోడే, ఆ ఎముకని అరచేత్తో మూస్తన్నాడు. కనపడకుండా మూస్తే తగ్గిపోతాదన్నట్టు.

గుంట కూడా చూసినాది. చూసి, మంచినీళ్లు తాగి, "పాపా, వాడు బరువు ముందుకెయ్యలేదు" అన్నాది. అంతే! భయం లేదా దానికి? నేను కని పెంచిన పిల్లేనా?

మర్నాడు పందెం. జెండా ఊపారు. బయల్దేరినాది. కింద బాగానే ఉన్నాది. సగం దాటినాది. అక్కడ, ఆ నిలువుకాడ, ఇంజిన్ గొంతు మారిపోయినాది. ఇంకా పలకాలి, పలకటం లేదు. గుంట ముందుకి వొంగిపోయి నొక్కుతున్నాది, నొక్కుతున్నాది. బండి ఆగినాది. మెల్లగా వెనక్కి జారినాది. బ్రేకు పట్టుకుని, దిగి, బండిని తోసుకుంటూ ఎక్కిద్దామని చూసినాది! ఎర్రమట్టిలో కాళ్లు జారిపోతున్నాయి, అయినా తోస్తన్నాది. కుర్రోళ్లు ఈలలేస్తన్నారు. కంపెనీ మనిషి కాగితం మీద ఏదో కొట్టీసి, పక్కనోడితో మాటల్లో పడ్డాడు.

కిందకొచ్చి హెల్మెట్ తీసినాది. ఏడవలేదు. చెయ్యి చూపించినాది. బొటనవేలు వాచిపోయి, గోరు కింద నల్లగా రక్తం కట్టీసి ఉన్నాది.

"వేల్లో బలం చాల్లేదు పాపా. నిన్ననే అలిసిపోయినట్టున్నాది. మీరు రెండేళ్లు ఇంత కష్టపడి బండి చేసిచ్చారు. నేను పాడుచేశాను. సారీ పాపా."

నాకు సారీ చెప్పినాది, సింహాద్రీ. నాకు!

పూనాకి ఎవరో ఇద్దరు వెళ్లారు. యాభై సెకన్లోడు ఒకడు. ఇంటికొచ్చి బండి మీద గోనెపట్టా కప్పీసినాది. మళ్లీ ఎత్తలేదు. మీ అక్క మాత్రం తలంటు పోసి, గారెలు వండి, "పోనీలే తల్లీ, మంచే జరిగినాది" అన్నాది. గుంట గారె తిన్నాది. తిని, "అమ్మా, నువ్వే రైటు" అన్నాది. ఆ మాట విని నేను వీధిలోకి వెళ్లిపోయాను.

మొన్న అదే అన్నాది, "పాపా, బండి అమ్మీండి, ఊరికే తుప్పు పడతాది" అని. ఆ మొహం చూసి, సరే అనీసి, కొనీవోణ్ని వెతికించాను.

ఏటి? జెట్టులో చెత్తా? పెట్రోల్లో నీళ్లా? నువ్వు డ్రైవరువి కదా, అలాగే అడుగుతావు. కాదు. కార్బొరేటర్ కడిగిన ముత్యంలా ఉన్నాది. బండిలో ఏ లోటూ లేదు.

దా, ఇటు దా. మీ అక్కకి వినపడకూడదు.

ఇక్కడ చూడు, బొటనవేలి మీట వెనక. ఈ రబ్బరు టోపీ కింద ఒక స్క్రూ ఉన్నాది, కనపడ్డాదా? మీట నేనే బిగించాను, గుంటకి దీని సంగతి తెల్దు. చిన్నపిల్లలు నేర్చుకున్నప్పుడు బిగిస్తారు. బిగిస్తే మీట సగమే లోపలికెళ్తాది. ఇంక ఎంత నొక్కినా వెళ్లదు, ఎంత బలమున్నోడైనా సరే.

పందెం రోజు పొద్దున్న, గుంట టీ తాగడానికెళ్లినప్పుడు, నేనే బిగించాను.

ఏటలా చూస్తావు? నువ్వా ఎముకని చూశావా? ఆ నాన్న చెయ్యి చూశావా? మెల్లగా ఎక్కుతాది, రెండో స్థానమో మూడో స్థానమో వస్తాది, ఒళ్లు దక్కుతాది, అనుకున్నాను. అసలు ఎక్కదని నాకేటి తెలుసు? ఆఁ... తెలుసేమో. పాతికేళ్ల మెకానిక్‌ని, తెలీకుండా ఉంటాదా? ఎక్కకపోతే పూనా కూడా వెళ్లదని తెలుసు. నూకమ్మ కేకలేసి ఆపాలని చూసినాది. నేను నవ్వుకుంటూ, పక్కన నిలబడి, స్క్రూడ్రైవర్‌తో ఆపీసాను.

చెప్పాలని చూడలేదనుకుంటున్నావా? మూడుసార్లు. ఒకసారి దాని గది గుమ్మం దాకా వెళ్లాను. వేలికి పసుపు రాసుకుంటున్నాది, నన్ను చూసి నవ్వినాది. ఆ గోరు ఊడి కొత్త గోరు వచ్చీసినాది, నా నోట్లోంచి మాట మాత్రం రాలేదు. ఇప్పుడు చెప్తే పూనా వెనక్కొస్తాదా? నేను కూడా లేకుండా పోతాను దానికి, అంతే.

నువ్వూ చెప్పకు. చెప్తావా? నీ ఇష్టం. కాదు, చెప్పకు.

ఇప్పుడా? ఇప్పుడు బిగించి లేదు. ఎనిమిది నెలలు ముట్టుకోలేదు గాని, ఇవాళ పొద్దున్నే లేచి ఆ స్క్రూ మొత్తం వెనక్కి తిప్పీసాను. కొన్నోణ్ని దగా చెయ్యకూడదు కదా. ఎవడో ముక్కూమొహం తెలీనోడు, పూర్తిగా నొక్కుకోవాలి కదా వాడు.

చాల్లే, ఇంక లాగకు, తాడు తెగిపోతాది. వెనక తలుపు వెయ్యి. గుంట ఒంటిగంటకల్లా వచ్చీస్తాది. అదొచ్చేలోపు నీ మెటాడోర్ ఈ వీధి దాటిపోవాలి. ఎక్కరా, బేగి ఎక్కు.